గడ్డివాముల రోడ్డులో ఎనిమిది ఇళ్ళు

పట్నం పెరుగుతూ పెరుగుతూ అడవి అంచు దాకా వచ్చి, అక్కడ కాసేపు ఆగి, మళ్ళీ బయల్దేరబోతున్న రోజులవి. ఆ అంచున గడ్డివాముల రోడ్డని ఒకటి ఉండేది. పేరుకే గడ్డివాములు. అక్కడ వాము కళ్ళజూసి చాలా ఏళ్ళయింది. రోడ్డుకి ఒకే పక్కన, వరసగా, ఎనిమిది చోట్లు. తూర్పు మూల చోటు ముసలి గేదె తిమ్మక్కది. దాని పక్కది మేక ముత్యాలుది. ఆ తరవాత ఎద్దు బసవయ్యది. ఆపైన గాడిద, గొర్రె, పిల్లి, పంది, పడమటి చివర కోడీ దాని పిల్లలూ ఉండేవారు.

ఆ రోడ్డులో కాగితాల పట్టింపు లేదు. హద్దు అంటే వాసన. ఎవరి చోట వాళ్ళు ఏదో ఒక రాయికో గోడకో ఒళ్ళు రుద్దుకునేవారు. మేక కొమ్ములు రుద్దేది, పిల్లి గడ్డం రుద్దేది, కోడి రెక్కలు దులిపేది. తిమ్మక్క మెడ రుద్దేది. ఒకసారి రుద్దితే ఆ వాసన పదిహేను రోజులు నిలుస్తుంది. పదహారో రోజున ఉండదు. రోజూ ఉన్నచోటే ఉండేవాళ్ళు కాబట్టి ఈ లెక్క ఎవరికీ ఎప్పుడూ అవసరం పడలేదు. తగువొస్తే కుక్క వీరాస్వామిగారిని పిలిచేవారు. ఆయన వచ్చి, మూడుసార్లు వాసన చూసి, చోటు ఎవరిదో చెప్పి వెళ్ళిపోయేవాడు. అడిగినదానికి జవాబు చెప్పేవాడు, అడగనిదానికి చెప్పేవాడు కాదు. అందుకే ఆయనంటే అందరికీ గురి.

తిమ్మక్కకి ఆ మధ్య మరుపు మొదలైంది. నీళ్ళు తాగి వచ్చి, తాగానో లేదోనని మళ్ళీ వెళ్ళేది. ముత్యాలు పిల్లని పట్టుకుని దాని అమ్మమ్మ పేరు పెట్టి పిలిచేది. ఎవరైనా నవ్వితే తనూ నవ్వేసేది గానీ, ఆ తరవాత చాలాసేపు నెమరు వెయ్యడం మానేసి కూర్చునేది. ఆమెకి ఉన్న ధైర్యం ఒక్కటే. తన చోటు మాత్రం మరిచిపోదు. అక్కడ ఒక వంకర రాయి, కారే కొళాయి, ఏళ్ళ తరబడి పడుకోగా పడుకోగా తన ఒంటి కొలతకి పడిన గుంట ఉన్నాయి. ఆ గుంటలోనే నాలుగు ఈతలు ఈనింది. మిగతావన్నీ జారిపోయినా ఆ చోటొక్కటీ జారదని, అది జారిన నాడు తను తిమ్మక్క కాదని ఆమె అనుకునేది. పైకి ఎవరితోనూ అనలేదు.

అలాంటి రోజుల్లో నక్క వినయభూషణం చంకలో చుట్టిన ప్లానుతో గడ్డివాముల రోడ్డుకి వచ్చాడు.

వచ్చి ముందు అందరికీ నమస్కారం పెట్టాడు. కోడికి రెండుసార్లు పెట్టాడు. తరవాత ప్లాను నేలమీద పరిచాడు. ఎండకి ఎండి వానకి తడిసే బతుకు ఇంకా ఎన్నాళ్ళని అడిగాడు. అటు చూస్తే మేడలు, ఇటు చూస్తే మేడలు, మధ్యలో ఈ రోడ్డు ఒక్కటీ ఊడిన పన్నులా ఉందన్నాడు. కింది అంతస్తు మొత్తం రోడ్డువాళ్ళది, ఎవరి చోటులో వాళ్ళకి ఇల్లు, పైన రెండంతస్తులు తనవి. ప్లాను గీసింది గిజిగాడు. అందుకని మొదట్లో అన్ని గుమ్మాలూ కిందినుంచి పైకి ఉన్నాయట. దిద్దించానని చెప్పాడు. గోడలు లేపేది చెదపురుగుల మేస్త్రీలు. వాళ్ళని మించినవాళ్ళు లేరని, చెక్కపని మాత్రం వాళ్ళకి ఇవ్వలేదని కూడా చెప్పాడు.

కట్టినన్నాళ్ళూ మేమెక్కడుండాలని గొర్రె అడిగింది. రెండు మైళ్ళ అవతల పాత రాళ్ళ క్వారీలో రేకుల షెడ్డు వేయిస్తానన్నాడు నక్క. నాలుగంటే నాలుగు నెలలు. తొలకరి పడగానే మొదలెట్టి, వానలు వెనకబట్టేసరికి తాళాలు చేతిలో పెడతానన్నాడు.

బసవయ్య నెమ్మదస్తుడు. ఏ మాటైనా నాలుగుసార్లు నమిలిగానీ మింగడు. ఒప్పందం కాగితం చదివి వినిపించమన్నాడు. వినయభూషణం చదివాడు.

"ఇళ్ళు పూర్తయిన రోజున, వీరాస్వామిగారి సమక్షంలో, రోడ్డువాళ్ళలో ఎవరి వాసన ఏ ఇంటికి ఉంటే ఆ ఇల్లు వారిది. ఎవరి వాసనా లేని ఇల్లు కట్టినవారిది."

"ఆ ఆఖరి ముక్క ఎందుకు?" అన్నాడు బసవయ్య.

"వాసన లేని ఇల్లు ఉండబోదు కదండీ. ఏదో ఒకటి రాయాలని రాశాను," అన్నాడు నక్క. "ఇది మీ రోడ్డు ఆచారమే, బసవయ్యగారూ. నేను ఒక్క అక్షరం కలపలేదు. నేనేదో కొత్తగా కాగితాలూ కొలతలూ పెడితే మీరే నన్ను నమ్మేవారు కాదు."

అది నిజమేననిపించింది. తమ ఆచారాన్ని ఇంత గౌరవించినవాడు ఇంతకుముందు రాలేదని గాడిద అన్నాడు. ముత్యాలుకి అసలు ఇంత చర్చే చిరాకు తెప్పించింది. తన చోటు తనకి తెలియకపోవడమేమిటని, తన కొమ్ముల వాసన తన మనవరాళ్ళ పెళ్ళిళ్ళ దాకా నిలుస్తుందని అంది. పదిహేను రోజుల సంగతి అందరికీ తెలుసు. అయితే తెలిసిన సంగతి అవసరమైనప్పుడు తట్టాలని ఎక్కడా లేదు. ఎనిమిది మంది వరసగా కాలిముద్రలు వేశారు. తిమ్మక్క వేసిన ముద్ర కాగితాన్ని సగం కప్పేసింది. వినయభూషణం ఏమీ అనుకోలేదు.

తొలకరి పడింది. అందరూ క్వారీకి వెళ్ళారు.

రెండురోజులు బాగానే గడిచింది. మూడోరోజు పొద్దున తిమ్మక్క లేచి, కళ్ళు మూసుకుని, తన చోటుని తలుచుకోబోయింది. రాయి గుర్తొచ్చింది. కొళాయి గుర్తొచ్చింది. కొళాయి రాయికి కుడిపక్కా ఎడమపక్కా అన్నది గుర్తు రాలేదు. ఇంకెవరూ లేవకముందే రెండు మైళ్ళూ నడుచుకుంటూ రోడ్డుకి వెళ్ళింది.

అక్కడ రాయి లేదు. కొళాయి లేదు. గుంట లేదు. పందికొక్కులు పునాదులు తవ్వి ఆ చివరినుంచి ఈ చివరిదాకా నేలనంతా ఒకటే చేసేశాయి. చుట్టూ రేకుల కంచె. రోడ్డుని అడ్డంగా వెడల్పు చేసేసరికి మూల కూడా మూలలా లేదు. తిమ్మక్క ఈ చివరనుంచి ఆ చివరకి నడిచింది, ఆ చివరనుంచి ఈ చివరకి నడిచింది. తనది తూర్పు మూలదో పడమటి మూలదో, అసలు మూలదేనో కాదో ఆమెకి తెలియలేదు.

క్వారీకి తిరిగి వచ్చాక ముత్యాలుని అడుగుదామని రెండుసార్లు దగ్గరికి వెళ్ళింది. మొదటిసారి ముత్యాలు, ఏమిటక్కా అని అడిగితే, వాన వచ్చేలా ఉందంది. రెండోసారి అప్పటికే వాన వస్తోంది కాబట్టి ఏమీ అనలేదు. అడిగితే ముత్యాలు చెబుతుంది. చెప్పి నవ్వుతుంది. నవ్వి మిగతా ఆరుగురికీ చెబుతుంది. మర్నాటినుంచి ఎవరూ తనతో మామూలుగా మాట్లాడరు. పెద్దగా, నిదానంగా, చిన్నపిల్లకి చెప్పినట్టు మాట్లాడతారు. ఇల్లు పోయినా ఫరవాలేదుగానీ అది మాత్రం పడలేననుకుంది తిమ్మక్క.

అందుకని మర్నాడు మళ్ళీ వెళ్ళింది. ఆ మర్నాడూ వెళ్ళింది. నెల తిరిగేసరికి గోడలు లేచాయి. ఎనిమిది ఇళ్ళకి ఎనిమిది ముందుగోడలు, అన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు, ఒక్కొక్కదానికి పైన ఒక్కొక్క సన్‌షేడు. చెదపురుగులు ఏది చేసినా అంతే, వెంట్రుకవాసి తేడా రాదు. తిమ్మక్క వాటి ముందు నిలబడి ఆలోచించింది. బుర్ర మరిచిపోయినా మెడ మరిచిపోదేమోననిపించింది. ఇన్నేళ్ళు రుద్దిన మెడ కదా. ఒక గోడకి రుద్దింది. ఏమీ తెలియలేదు. రెండోరోజు ఆ పక్క గోడకి రుద్దింది. రోజుకొకటి చొప్పున ఎనిమిదీ రుద్దింది. అన్నీ ఒకలాగే గరుకుగా ఉన్నాయి. ఎనిమిది అయిపోయాక మొదటిది ఎలా ఉందో మరిచిపోయింది కాబట్టి మళ్ళీ మొదలుపెట్టింది.

అలా మూడు నెలలు, ఇళ్ళు పూర్తయ్యేదాకా.

క్వారీలో ఇది కనిపెట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. మెడ మీద సున్నం మరకతో రోజూ పొద్దెక్కాక తిరిగొస్తుంటే ఎవరికి కనపడదు? ముత్యాలు ఊరుకునే రకం కాదు.

"ఏం తిమ్మక్కా, ఈ వయసులో గోడలకి సున్నాలు వేస్తున్నావా?" అంది.

"మెడ దురదమ్మా," అంది తిమ్మక్క.

"దురదకి రెండు మైళ్ళు నడవాలా? ఇక్కడ రాళ్ళకేం తక్కువ? క్వారీయే కదా."

"ఈ రాళ్ళు పడవు నాకు."

పిల్లి నవ్వింది. గొర్రె కూడా నవ్వింది, పిల్లి నవ్వింది కాబట్టి. ముసలితనంలో ఒక్కొక్కరికి ఒక్కొక్క పిచ్చి అని గాడిద తేల్చేశాడు. బసవయ్య మాత్రం నములుతూ ఉన్నాడు. ఇంకో నెల నమిలి ఉంటే ఆయనకి తట్టి ఉండేదే.

వినయభూషణం కూడా ఆమెని చూశాడు. మొదటిరోజు చూసినప్పుడు తోక నిక్కింది. ఈ రోడ్డు మీద గోడకి మెడ రుద్దడమంటే ఏమిటో రోడ్డువాళ్ళకంటే వాడికే బాగా తెలుసు. గబగబా వచ్చి చూస్తే, ముసలి గేదె రుద్దుతున్నది గాడిద ఇంటి గోడ. వాడు ఆగాడు. మర్నాడు చూస్తే గొర్రె ఇంటి గోడ. ఆ మర్నాడు పిల్లిది. నక్కకి విషయం అర్థమై, కడుపు నిండినట్టయింది.

"పెద్దమ్మగారూ, ఏ ఇంటిని చూస్తున్నారు?" అని మర్యాదగా అడిగాడు.

"ఊరికే, అన్నీ చూస్తున్నా నాయనా," అంది తిమ్మక్క.

"చూడండి, చూడండి. అన్నీ మీవే అనుకోండి."

ఆమె అటు వెళ్ళగానే మేస్త్రీ చెదపురుగుని పిలిచి, ఆ ముసలిదాన్ని ఎవరూ ఆపొద్దని చెప్పాడు. దాని చోటేదో దానికే తెలియదు, చోటే తెలియనిదాని వాసన దేనికి పనికొస్తుంది, పోనీ అలుకుడుకి పేడైనా పడుతుంది కదా అన్నాడు. పేడ బాగానే పడింది. ఎనిమిది ఇళ్ళ వాకిళ్ళూ దానితోనే అలికించాడు. తన చోట రుద్దుకోవడానికి ఇంకెవరైనా వచ్చి ఉంటే వాడు కంచెకి తాళం వేసి ఉండేవాడు. ఇంకెవరూ రాలేదు. వాళ్ళందరికీ తమ చోటు బాగా గుర్తుంది.

వానలు వెనకబట్టాయి. నక్క మాట తప్పలేదు, చెప్పిన రోజుకి కబురు పంపాడు.

పొద్దున్నే అందరూ రోడ్డు మీద చేరారు. అవతలి పక్కన పట్నంనుంచి వచ్చిన కుందేళ్ళ కుటుంబాలు ఎనిమిది, మూటాముల్లెతో సహా నిలబడి ఉన్నాయి. వాళ్ళెవరని బసవయ్య అడిగితే, ఇళ్ళు చూడ్డానికి వచ్చిన చుట్టాలన్నాడు వినయభూషణం. చూడ్డానికి వచ్చినవాళ్ళకి పరుపులెందుకో బసవయ్యకి అర్థం కాలేదు. అది నమలడం మొదలుపెట్టేలోపు వీరాస్వామిగారు వచ్చేశారు.

పడమటి చివరనుంచి మొదలుపెట్టారు. వీరాస్వామిగారు గోడని మూడుసార్లు వాసన చూశాడు.

"కోడిగారి వాసన ఉందా అండీ?" అన్నాడు నక్క.

"లేదు," అన్నాడు వీరాస్వామి.

కోడి కొక్కొక్కోమని, ఇది నా చోటే కదా, ఇక్కడే కదా నేను పొదిగింది అంది. నక్క తల పంకించి, కాదని నేనన్నానా అమ్మా, వాసన అంటోంది అన్నాడు. అప్పుడు తట్టింది అందరికీ పదిహేను రోజుల సంగతి. నాలుగు నెలలు, మధ్యలో వానలు, మట్టి మారింది, గోడ మారింది. ఒక్కొక్కరి ముఖంలో రంగు పోతూ వచ్చింది. పంది వాసన ఉందా? లేదు. పిల్లి వాసన? లేదు. గొర్రె, గాడిద, బసవయ్య, ఎవరిదీ లేదు. ముత్యాలు తన గోడ దగ్గరికి తనే ముందు వెళ్ళి వాసన చూసింది. సున్నం వాసన తప్ప ఏమీ రాలేదు.

"ముత్యాలుగారి వాసన ఉందా అండీ?"

"లేదు."

మిగిలింది తూర్పు మూల. తిమ్మక్క అందరికీ వెనకాల నిలబడి ఉంది. వీరాస్వామిగారు మూడుసార్లు వాసన చూశాడు.

"తిమ్మక్కగారి వాసన ఉందా అండీ?"

"ఉంది."

నక్క కొంచెం నొచ్చుకున్నట్టు కనపడ్డాడుగానీ తొందరగానే సర్దుకున్నాడు. తిరగ్గా తిరగ్గా ఎప్పుడో దీనికీ తగిలించి ఉంటుందనుకున్నాడు. ఎనిమిదింట్లో ఏడు వచ్చాయి, ఇంకా అత్యాశకి పోకూడదు. న్యాయం న్యాయమే, ఈ ఇల్లు పెద్దమ్మగారిదేనని ఒప్పుకుని, కుందేళ్ళవైపు తిరిగి, ఏడు కుటుంబాలు లోపలికి రావచ్చని సైగ చేశాడు.

వీరాస్వామిగారు కదల్లేదు.

"ఇంకా పని ఉందా అండీ?" అన్నాడు నక్క.

"మీరు కోడి వాసన ఉందా అన్నారు. లేదన్నాను. ఎవరి వాసన ఉందని అడగలేదు."

వినయభూషణం అడగడానికి ఇష్టపడలేదు. బసవయ్య అడిగాడు. ఆయన జన్మలో ఒక మాట నమలకుండా అనడం అదే మొదలు.

"ఎవరి వాసన ఉంది, వీరాస్వామిగారూ?"

"తిమ్మక్కది. ఎనిమిదింటికీ."

అందరూ వెనక్కి తిరిగి తిమ్మక్కని చూశారు. ఆమె తలొంచుకుంది, దొంగతనం బయటపడినట్టు.

నక్క గొంతు సవరించుకున్నాడు. తొందరపడితే పోయేది తనకే. ఆమె దగ్గరికి వచ్చి, అందరికీ వినపడేలా, ఎంతో మర్యాదగా అడిగాడు.

"పెద్దమ్మగారూ, ఒక్కటే మాట. వీటిలో మీ చోటేదో చూపించండి, చాలు. మిగతావాటికి పొరపాటున తగిలిందని అందరం ఒప్పుకుంటాం."

తిమ్మక్క గోడలవైపు చూసింది. ఎనిమిది గోడలూ ఆమెవైపు చూశాయి. మూలదని ఇందాక ఎవరో అన్నట్టుంది. అది తన పేరుతో అన్నారో ఇంకొకరి పేరుతో అన్నారో అప్పుడే చెదిరిపోయింది. నాలుగు నెలలుగా ఎవరికి తెలియకూడదని రెండు మైళ్ళు నడిచిందో వాళ్ళంతా ఎదురుగా ఉన్నారు. అబద్ధం చెబుదామంటే ఏ గోడ చూపించాలో కూడా తెలియదు.

"నాకు గుర్తులేదు నాయనా," అంది. "రాయి తీసేశారు, గుంట పూడ్చేశారు. నా చోటేదో నాకు తెలియలేదు. మెడకైనా తెలుస్తుందేమోనని, ఒకటి వదిలేస్తే అదే నాదవుతుందేమోనని అన్నిటికీ రుద్దాను."

ముత్యాలు ఏదో అనబోయి నోరు మూసుకుంది.

వినయభూషణం వీరాస్వామి వైపు తిరిగి చేతులు జోడించాడు. విన్నారు కదా, ఆమెకే తెలియదు, తన చోటేదో తనకే తెలియని మనిషికి ఎనిమిది ఇళ్ళు ఎలా వస్తాయి అన్నాడు. కంగారులో గేదెని మనిషి అన్నాడు, ఎవరూ దిద్దలేదు.

వీరాస్వామిగారు ఒప్పందం తెప్పించి చదివాడు. తిమ్మక్క కాలిముద్ర కింద ఉన్న భాగం చదవడానికి ఎండకి ఎత్తిపట్టాల్సి వచ్చింది. చదవడం అయ్యాక కాగితం మడిచాడు.

"ఇందులో వాసన అని ఉంది. గుర్తు అని లేదు," అన్నాడు. "ఎవరి వాసన ఉంటే వారిది అని ఉంది. ఎన్నింటికి ఉండొచ్చో లేదు. రాసింది మీరు."

చెప్పి వెళ్ళిపోయాడు.

ఇళ్ళు నక్కనుంచి వచ్చాయి సరే, ఇప్పుడు ఎనిమిదీ తిమ్మక్కవి. మిగతా ఏడుగురూ రోడ్డు మీదే నిలబడ్డారు. గొర్రె ఇంక క్వారీకి పోదామా అని అడిగింది. తిమ్మక్కకి ఆ మాట అర్థం కాలేదు.

"క్వారీకెందుకు? నాకు గుర్తులేదుగానీ, ఎవరి చోటు వాళ్ళకి గుర్తుంటుంది కదా," అంది. "వెళ్ళి ఎవరి గుమ్మంలో వాళ్ళు నిలబడండి. ఏది మిగిలితే అది నాది."

ఈ ఉపాయం ఆమెకి అప్పుడే తోచింది. నాలుగు నెలలకి ముందు తోచి ఉంటే అంత నడక తప్పేదని కూడా అనుకుంది. అది తోచి ఉంటే ఇళ్ళు దక్కేవి కావన్న సంగతి ఆమె ఆలోచించలేదు.

కోడి పిల్లలతో పరిగెత్తి పడమటి చివర నిలబడింది. పంది నిలబడ్డాడు. పిల్లి, గొర్రె, గాడిద నిలబడ్డారు. బసవయ్య తన గుమ్మం దాకా నిదానంగా నడిచి వెళ్ళి నిలబడ్డాడు. ఇంక రెండు గుమ్మాలు, ఇద్దరు. ముత్యాలు ముందు నడిచింది. తన గుమ్మం దాటిపోయి, తూర్పు మూల ఇంటి ముందు ఆగింది. మూల ఇల్లంటే రెండు వైపులా గాలి, పొద్దుటి ఎండ, రోడ్డు మలుపులో ఏది జరిగినా ముందు కనపడేది. అది ఎవరిదో రోడ్డులో ఏడుగురికి తెలుసు. తెలియనిది ఒక్క తిమ్మక్కకే. ఆమె రోడ్డు మధ్యలో నిలబడి, నమ్మకంగా, ఏది మిగులుతుందోనని చూస్తోంది.

బసవయ్య నమలడం ఆపాడు.

ముత్యాలు ఆ గుమ్మం ముందు చాలాసేపే నిలబడింది. తరవాత, గోడ సున్నం సరిగ్గా ఉందో లేదో చూడ్డానికే వచ్చినట్టు దాన్ని ఒకసారి కొమ్ముతో తట్టి, వెనక్కి ఒక ఇల్లు జరిగింది.

"రా అక్కా," అంది. "నీది ఇది. నేను పక్కనే."

తిమ్మక్క వచ్చి మూల ఇంటి గుమ్మంలో నిలబడింది. ఇది నాదేనా అని అడిగింది. నీదే, నాలుగు ఈతలూ ఇక్కడే ఈనావు అంది ముత్యాలు. సాయంకాలం మళ్ళీ అడిగింది. ముత్యాలు మళ్ళీ చెప్పింది, మామూలు గొంతుతోనే చెప్పింది. ఆ తరవాత రోజూ చెబుతూనే ఉందిగానీ, నవ్వలేదు.

ముందే బయానా ఇచ్చిన కుందేళ్ళు సాయంకాలం దాకా వినయభూషణం చుట్టూ కూర్చుని, పరుపులు ఎక్కడ వెయ్యమంటావని అడిగాయి. పిల్లాజెల్లాతో ఎనిమిది కుటుంబాలనీ పైన రెండంతస్తుల్లో సర్దేసరికి నక్కకి తనకంటూ ఒక గది కూడా మిగల్లేదు. వాడు ఆ రాత్రికే రోడ్డు వదిలేశాడు. వాడు నేర్చుకున్నది లేకపోలేదు. వారం తిరక్కుండా అవతలి రోడ్డుకి వెళ్ళి, ఈసారి ప్లాను తీయకుండా, పొద్దున్నుంచి సాయంత్రం దాకా కనపడ్డ ప్రతి గోడకీ తన ఒళ్ళు రుద్దుకోవడం మొదలుపెట్టాడు. ఆ రోడ్డువాళ్ళు రెండురోజులు చూసి, పాపం గజ్జి పట్టిందనుకుని, వేపాకు నీళ్ళు నెత్తిన పోసి, ఊరి బయటదాకా దిగబెట్టి వచ్చారు.

మరిచిపోతానని భయపడేవాడు రోజూ వెళ్ళి చూసుకుంటాడు. గుర్తుందిలే అనుకునేవాడి ఇల్లే చెయ్యి జారుతుంది.